వోచర్ల కట్ట విప్పితే
(పామర్రు మండల సమాఖ్య మహాజన సభలో కొనుగోలు కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

గ్రామ సంఘాల ఓబీలు, వీఓఏలు, యూనిట్‌లో పని చేసే అక్కలు అందరూ ఉన్నారు గనక మొహమాటం లేకుండా చెప్పుకుందాం. పోయిన ఏడాది ఇదే సభలో మన అప్పడాలు, పిండివంటల యూనిట్ మూసేద్దామా అన్న మాట వచ్చింది. అమ్మకాలు బాగానే ఉన్నాయి, మిగులు మాత్రం లేదు. అప్పుడు ఒక సలహా కూడా వచ్చింది, అప్పడాలు వత్తే అక్కలకి కిలోకి ఇచ్చే కూలి తగ్గిద్దామని. ఆ మాట అన్నది ఎవరో బయటివాళ్ళు కాదు. మా కమిటీలో వాళ్ళమే అన్నాం. వెనక వరుసలో కూర్చున్న ఒక అక్క లేచి, "మా చేతి కూలి తగ్గించే ముందు మీ చేతి సంచీ దులిపి చూడండి" అంది. అప్పుడు మాకు కోపం వచ్చింది. ఈ రోజు చెప్పేదంతా ఆ మాట వల్ల జరిగిందే.

మన సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం. ఏటా ఆడిట్ జరగాలి, జరుగుతోంది. ఆడిట్‌లో మన లెక్క ఎప్పుడూ తప్పలేదు. అందుకే మాకు ధీమా. కానీ ఆడిట్‌లో చూసేది పద్దుకి వోచరు ఉందా, వోచరుకి సంతకం ఉందా అని. ఆ సరుకు ఆ ధరకి కొనాల్సిందేనా అని అడగాల్సింది మనం. ఏళ్ళ తరబడి అది ఎవరూ అడగలేదు.

సంక్రాంతి వెళ్ళాక మూడు రోజులు ఆఫీసు గచ్చు మీద కూర్చుని ఏడాది వోచర్లన్నీ విప్పాం. క్యాష్ బుక్కులో అవి తేదీల వారీగా ఉంటాయి. మేం సరుకుల వారీగా కుప్పలు పెట్టాం. గుళ్ళు ఒక కుప్ప, నూనె ఒకటి, శనగపిండి ఒకటి, కవర్లు, గ్యాసు, ఆటో బాడుగ, ఇలాగ. ఏ కుప్ప మీద ఎంత డబ్బు పోయిందో సుద్దముక్కతో గచ్చు మీదే రాశాం. బుక్ కీపర్ అమ్మాయి సెల్‌ఫోన్‌లో కూడికలు చేసింది. ఇదేమీ పెద్ద చదువుల వాళ్ళ పని కాదమ్మా, ఓపిక ఉంటే చాలు. పెద్ద పెద్ద కంపెనీలు దీని కోసం మనుషుల్ని పెట్టి జీతాలిస్తాయి.

మొదట తెలిసిన సంగతి, గుళ్ళు, నూనె రెండే కలిపి సగం పైన ఖర్చు. మీటింగులో టీలు ఎక్కువయ్యాయి, కాగితాలు ఎక్కువయ్యాయి అని మనం గంటలు గంటలు పోట్లాడుకున్నాం. ఆ టీ కుప్ప చూస్తే నవ్వొచ్చింది, అంత చిన్నది. రెండో సంగతికి నవ్వు రాలేదు. మూడో పెద్ద కుప్ప పేరు "ఇతరములు". ఏం కొన్నామో గుర్తులేనివీ, బిల్లు చిరిగినవీ, తొందరలో రాసినవీ అన్నీ అందులో పడ్డాయి. దొంగతనం జరిగిందని మేం అనడం లేదు. చాలా వరకు ఆటో బాడుగలే. సరుకు అయిపోయిందని తెలిసిన రోజున పరుగెత్తి, ఒక టిన్ను కోసం గుడివాడకి ఆటో మాట్లాడుకోవడం. వారానికి రెండుసార్లు అలా తిరిగిన నెలలు ఉన్నాయి.

నూనె కుప్పలో ఇంకో చిత్రం. ఒకే రకం నూనె తొమ్మిది కొట్ల నుంచి కొన్నాం. ఒక కొట్టువాడు చవక, ఇంకొకడు ఖరీదు అని మనకి ఒక అభిప్రాయం ఉండేది. బిల్లులు పక్కపక్కన పెడితే ఒకటి 15 కిలోల టిన్ను, ఒకటి 15 లీటర్ల టిన్ను. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే. అంటే 15 లీటర్ల టిన్నులో ఉండేది 13 కిలోల 650 గ్రాములు. కిలో 150 అనుకుంటే టిన్నుకి రెండు వందల పైచిలుకు తేడా. చవక అనుకుని మనం తెచ్చుకున్నది అసలు చవకే కాదు. కొట్టువాళ్ళు దాచిందేమీ లేదు, టిన్ను మీద అచ్చువేసే ఉంది. మనం చదవలేదు. ఇప్పుడు ధర అడిగేటప్పుడు టిన్ను ధర అడగడం మానేశాం, కిలోకి ఎంత అని అడుగుతున్నాం.

శనగపిండి కిలో ప్యాకెట్లలో కొంటున్నాం, ఇంట్లోకి కొన్నట్టు. 2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పులు, పిండ్లు 25 కిలోల లోపు అయితే 5 శాతం జీఎస్టీ పడుతుంది. విడిగా తూచి ఇస్తే పడదు. ఇక్కడ పెద్దగా చెప్పడానికి లేదు, శనగపప్పు తెచ్చి మరాడించుకుంటున్నాం, అంతే.

అసలు కథ గుళ్ళది. మన చుట్టూ వరి కోతకు ముందే చేలో మినుములు చల్లుతాం. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి పంట ఇంటికొస్తుంది. మన సభ్యుల్లో చాలామంది సొంతానికో, కౌలుకో మినుము వేసేవాళ్ళే. అప్పడాలు ఎండబెట్టేది కూడా ఎండాకాలంలోనే కదా! అంటే మన అక్కలు ఇంటి అరుగు మీద మినుములు వ్యాపారికి తూచి ఇస్తున్న అదే నెలలో, మన యూనిట్ గుళ్ళ బస్తాలు కొట్టు నుంచి అరువు తెచ్చుకుంటోంది. వోచర్ల మీద తేదీలు చూసినప్పుడు కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఎందుకిలా జరిగిందంటే నగదు లేక. కౌలు రైతుకి మినుము అమ్మిన రోజే డబ్బు కావాలి. యూనిట్ దగ్గర అప్పుడు డబ్బుండదు. కొట్టువాడు నెల గడువు ఇస్తాడు. ఆ గడువు ఊరికే ఇస్తున్నాడని మన నమ్మకం. నగదుకైతే కిలో 120, నెల అరువుకైతే 123. మూడు రూపాయలే కదా అనుకున్నాం. 120 మీద నెలకి 3 అంటే నూటికి రెండున్నర రూపాయల వడ్డీ! సంఘంలో ఎవరైనా బయట ఆ వడ్డీకి తెచ్చుకుంటే మనమే కేకలేస్తాం. బ్యాంకు లింకేజీ అప్పయినా, స్త్రీనిధి అప్పయినా నూటికి రూపాయి దగ్గర్లోనో, ఆ లోపో తేలిపోతుంది. ఇంటి అప్పుల విషయంలో అంత తెలివిగా ఉండే మనం యూనిట్ లెక్క దగ్గర ఎందుకు చూడలేదో మాకిప్పటికీ అర్థం కాదు.

ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్ళో 1844 డిసెంబరులో నేతపనివాళ్ళూ, మరికొందరు పనివాళ్ళూ కలిసి చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, పంచదార లాంటి నాలుగు సరుకులే. ప్రపంచంలో సహకార సంఘాలన్నీ ఆ కొట్టుని పెద్దమ్మలా చెప్పుకుంటాయి. వాళ్ళు పెట్టుకున్న నియమాల్లో ఒకటి, అరువు లేదు. మన పెడన నేతవాళ్ళకి అరువు నూలు సంగతి చెప్పక్కర్లేదు గనక ఆ నియమం ఎందుకు పెట్టుకున్నారో వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది.

సరే, తెలిసింది కదా అని మేం ఎగిరిపోయి చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మొదటి నెలలో విజయవాడలో ఒక హోల్‌సేల్ కొట్టులో గుళ్ళు బాగా చవకగా దొరికాయని బస్తాలు దింపించాం. అవి పాత గుళ్ళు. పిండిలో జిగురు లేదు. వత్తుతుంటే అంచులు చిట్లాయి, ఎండాక కవర్లోనే విరిగాయి. కొన్న కొట్లు తిరగ్గొట్టాయి. కిలోకి పది రూపాయలు మిగిల్చామనుకుని పిండీ, గ్యాసూ, అక్కల రెండు రోజుల కష్టం పోగొట్టాం. ఆ రెండు రోజుల కూలి మాత్రం పూర్తిగా ఇచ్చేశాం, తప్పు వాళ్ళది కాదు గనక. గుళ్ళు కొనే ముందు పావుకిలో నానబెట్టి రుబ్బి చూడాలని వత్తే అక్కలు చెప్పారు. వాళ్ళని ముందే ఎందుకు అడగలేదని మీరు అడగొచ్చు. కొనుగోలు కమిటీలో అప్పడం వత్తే మనిషి ఒక్కరూ లేరు, అందుకని. ఇప్పుడు ఇద్దరున్నారు.

సభ్యుల మినుములు కొనే లెక్క కూడా మొదట తప్పే వేశాం. మినుములు 80, గుళ్ళు 123, కిలోకి 43 మిగులుతాయని మురిసిపోయాం. వంద కిలోల మినుములు ఆడిస్తే పొట్టూ, నూకా పోను డెబ్బై కిలోల గుళ్ళు వచ్చాయనుకోండి. 8000 పెట్టుబడి, మర కూలి 300. 8300ని డెబ్బైతో భాగిస్తే గుళ్ళు కిలో 118 రూపాయల పైన పడ్డాయి. మిగిలేది కిలోకి నాలుగు రూపాయల చిల్లర. పొట్టు గేదెల దాణాకి పోతుంది, నూక మనకే పనికొస్తుంది, అవి కలిపితే ఇంకొంచెం. అయినా నాలుగు రూపాయలు చిన్నవి కావు. ఏడాది మొత్తం గుళ్ళ మీద చూస్తే, పోయినేడు కూలిలో కోసేద్దామనుకున్న మొత్తం కంటే ఎక్కువే వస్తోంది. పైగా సరుకు కొత్తది, ఎవరి చేలోదో మనకి తెలుసు.

ఒక బాధ కూడా ఉంది. మనం ఇన్నాళ్ళూ ఎక్కువగా కొన్న కొట్టు మనలో ఒకరి బంధువులది. కరోనా రోజుల్లో వాళ్ళు అడగ్గానే సరుకిచ్చారు, అది మరిచిపోలేం. వెళ్ళి బిల్లులు చూపించి మాట్లాడాం. నూనె ధర తగ్గించారు, కిలో లెక్కనే ఇస్తామన్నారు. గుళ్ళు మాత్రం వాళ్ళ దగ్గర మానేశాం. ఆ అక్క మాతో కొన్ని వారాలు సరిగా మాట్లాడలేదు. మూడు కొట్ల ధరలు రాయించుకుని నోటీసు బోర్డు మీద పెట్టడం అప్పటి నుంచే మొదలైంది, ఎవరి బంధువు అన్న ప్రశ్న రాకుండా. ఆటోల సంగతి, వారానికి ఒక్కసారే కొనడం, పెద్ద సరుకు ఆర్టీసీ కార్గోలో వేయించడం అలవాటవుతోంది. "ఇతరములు" అన్న పద్దు మూసేశాం. ఏ ఖర్చుకి ఆ పేరు రాయాలి, పేరు లేకపోతే సంతకం పెట్టం.

కూలి తగ్గించలేదు. యూనిట్ మూసే మాట ఈ ఏడు అజెండాలో లేదు.

ఇప్పుడు సభ ముందు పెడుతున్నది ఒకటే తీర్మానం. ఫాల్గుణంలో సభ్యుల మినుములు నగదుకి కొనడానికి సమాఖ్య నిధి నుంచి యూనిట్‌కి మూడు నెలల అప్పు కావాలి, మామూలు వడ్డీకే. నిధి మీ అందరిదీ, కాదంటే కాదనండి, కారణం మాత్రం చెప్పండి. ఒప్పుకుంటే మినుములు ఇవ్వగలిగినవాళ్ళు ఎన్ని బస్తాలో సభ అయ్యాక గుమ్మం దగ్గర వీఓఏ చేత రాయించండి. తూకం మీ ఎదుటే, డబ్బు అదే రోజు. తడి సరుకు మాత్రం తెచ్చి మొహమాట పెట్టకండమ్మా, వెనక్కి పంపించేస్తాం.