షవరు ధార సన్నగా వస్తే: పీడనం, పైపు, పంపు

చాలా ఇళ్లలో కింది అంతస్తు షవరు జోరుగా వస్తుంది, పై అంతస్తులో మాత్రం సన్నగా కారుతుంది. ట్యాంకుకు దగ్గరగా ఉన్నది పై అంతస్తే కదా, మరి అక్కడే ఎందుకు తక్కువ?

నీటి పీడనం ఎంతో తెలియాలంటే నీటి మట్టం నుంచి షవరు వరకు ఉన్న నిలువు ఎత్తును, నీటి సాంద్రతను, గురుత్వ త్వరణాన్ని గుణించాలి. ఎత్తు 2 మీటర్లయితే 2 × 1000 × 9.8, అంటే 19,600 పాస్కల్‌లు. వాతావరణ పీడనంలో ఇది ఐదో వంతు కూడా కాదు. కింది అంతస్తుకు 8 మీటర్ల ఎత్తు దొరికితే 78,400 పాస్కల్‌లు. ఈ సూత్రంలో ట్యాంకు పరిమాణం ఎక్కడా లేదు, గమనించారా? 500 లీటర్ల ట్యాంకు తీసి 2000 లీటర్లది పెట్టించినా, నీటి మట్టం అదే ఎత్తులో ఉంటే షవరుకు తేడా తెలియదు. ట్యాంకును ఎత్తు దిమ్మ మీదికి ఎక్కిస్తే కొంత లాభమే. కానీ టోరిసెల్లి 1644లో ప్రకటించిన నియమం ప్రకారం ధార వేగం ఎత్తు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెట్టింపు కావాలంటే 2 మీటర్ల ఎత్తు 8 మీటర్లు కావాలి. మేడ మీద మరో రెండు మేడలు కట్టినట్టే!

అయితే పంపు కొనాలా? ఆగండి. ముందు షవరు తల విప్పి, 10 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. తల తీయగానే ధార బాగా వస్తే దోషం రంధ్రాలదే. బోరు నీటిలోని కాల్షియం కార్బొనేటు వాటిని పూడ్చేస్తుంది. నిమ్మరసంలో నానబెడితే బుడగలు లేస్తాయి, అవి కార్బన్ డయాక్సైడువి. తల తీసినా మార్పు లేకపోతే పైపును అనుమానించాలి. ఒకే ప్రవాహానికి పైపు వ్యాసం సగమైతే ఘర్షణ వల్ల పోయే పీడనం సుమారు 32 రెట్లు అవుతుంది. తుప్పు పట్టిన పాత ఇనుప పైపు చేసేది ఇదే. మన ప్లంబర్లు ఏ లెక్కా వేయకుండానే "పైపు పూడింది సార్" అంటారు. వారి మాట వినదగ్గదే.

ఇవన్నీ సరిగా ఉండి, కొరత ఎత్తుదే అయితే పంపు. నిమిషానికి 10 లీటర్లు, అదనంగా 1,50,000 పాస్కల్‌ల పీడనం కావాలనుకుందాం. పీడనాన్ని సెకనుకు ప్రవహించే ఘనపరిమాణంతో గుణిస్తే 25 వాట్లు వస్తుంది. పంపు సామర్థ్యం పాతిక శాతమే అనుకున్నా 100 వాట్లు చాలు. ఒక్క స్నానాల గదికి అర హార్స్‌పవర్ మోటారు, అంటే 373 వాట్లు, దండగ.

పంపును మేడ మీద ట్యాంకు నుంచి దిగే పైపుకు, నీటి మట్టానికి దిగువన పెట్టాలి. పక్కనే నాన్ రిటర్న్ వాల్వుతో బైపాస్ పైపు వేస్తే కరెంటు పోయినా మామూలు ధార వస్తుంది. తడి చోటు కాబట్టి ఎర్తింగు, లీకేజీ కరెంటును తుంచే బ్రేకరు తప్పనిసరి.

వీధి కుళాయి పైపుకు నేరుగా మోటారు బిగించడం మాత్రం వేరే సంగతి. అప్పుడు ఆ పైపులో పీడనం వాతావరణ పీడనం కన్నా తగ్గిపోతుంది. మామూలుగా నీరు బయటికి కారే పగుళ్ల గుండానే మురుగు లోపలికి చొరబడుతుంది. టైఫాయిడు, కామెర్లు, కలరా అలా వీధంతా పాకగలవు. మోటారు లేని పొరుగింటికి నీరూ దక్కదు, రోగం మాత్రం దక్కుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని తలపెడితే, ఈ లెక్క వారికి మీరే చెప్పాలి. పట్టణాల్లో దీనిని నిషేధించడానికి కారణమిదే.

ఇంట్లో గీజరు ఉంటే కొత్త పీడనం దాని మీదా పడుతుంది. గీజరు ఎంత పీడనం తట్టుకోగలదో దాని చీటీ మీద రాసి ఉంటుంది. అది చదివి, భద్రతా వాల్వు పనిచేస్తోందో లేదో మెకానిక్కుతో చూపించాకే పంపు స్విచ్చి వేయండి.