బోరు మోటారునకు ఆజ్ఞ ఇచ్చువారెవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో యంత్రముల ప్రసక్తి యేల అని మీరు అనుకొనవచ్చును. ఆ రెంటికిని గల సంబంధమును మనవి చేయుటయే నా ఉద్దేశము.

నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలో పెక్కు గ్రామములకు బోరుబావియే ఆధారము. విద్యుత్తు వంతులవారీగా వచ్చు రోజులలో రైతు అర్ధరాత్రి లేచి, పురుగుపుట్రను తప్పించుకొనుచు, చెలకకు పోయి మీట నొక్కవలసి యుండెను. ఆ బాధ తీర్చుటకే ఆటో స్టార్టరు వచ్చినది. కరెంటు రాగానే మోటారు తనంత తాను తిరుగును. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుకాగా ఆ మేలే కీడైనది. ఆపువాడు లేనిచో మోటారు రేయింబవళ్లు నీటిని తోడును, భూగర్భజలము తరుగును. కావుననే ఆటో స్టార్టర్లను తీసివేయుడని విద్యుత్ సంస్థలు రైతులను కోరినవి. నీరు లేక వట్టిగా తిరిగిన మోటారు కాలిపోవుటయు మనకు క్రొత్త కాదు. ఆ డబ్బాకు "తిరుగుము" అను మాట ఒక్కటే తెలియును. "చాలు" అను మాట తెలియదు.

ఆ రెండవ మాటను నేర్పు సాధనములు నేడు కలవు. 2012లో బ్రిటనులో రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు వెలువడినది. 2014లో చైనాలోని ఎస్ప్రెసిఫ్ సంస్థవారి ఈఎస్‌పీ 8266 అను వైఫై చిప్పు వచ్చినది. దానిని అమర్చిన పలక కొన్ని వందల రూపాయలకే లభించును. 2013లో పౌలుస్ స్కౌట్సెన్ ప్రారంభించిన "హోం అసిస్టెంట్" అను ప్రోగ్రాము ఇంటి దీపములను, పంకాలను, మోటార్లను ఒక్కచోటి నుండి నడుపును. చిప్పు కావలికాని వంటిది. చిన్న కంప్యూటరు గుమాస్తా వంటిది. నీరు తగ్గినప్పుడు మోటారు లాగు కరెంటు తగ్గును. చిప్పునకు అమర్చిన కొలత సాధనము దానిని గుర్తించును. గుమాస్తా మనము వ్రాసిన నియమమును చూచి ఆపుమనును. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. వైఫై కొలది దూరమే పోవును గనుక ఇంటి చెంతనున్న బోరునకే ఇది సులభము.

ఇట్టి పెట్టెలు అంగడిలో తయారుగానే దొరకుచుండగా ఈ శ్రమ యేల? వానిలో పెక్కింటికి ఆజ్ఞ ఎక్కడో దూరమున నున్న కంపెనీ కంప్యూటరు నుండి రావలెను. 2016 మే నెలలో అమెరికాలో రివాల్వ్ అను ఇంటి యంత్రమునకు యాజమాన్యము సేవ నిలిపివేయగా, డబ్బిచ్చి కొన్నవారి పెట్టెలు నిరుపయోగమైనవి. లక్కయింటి కథ మీరెరుగుదురు. ఆ గోడలలో ఏమున్నదో విదురుడు ముందుగా సూచించినందుననే పాండవులు బ్రతికిరి. లోపలి సంగతి తెలియని ఇల్లు ఎంత అందమైనను మనది కాదు.

హోం అసిస్టెంట్ అట్టిది కాదు. దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, నకలు వ్రాసి పొరుగువానికి ఈయవచ్చును. తాటాకు ప్రతిని చూచి మరొక ప్రతి వ్రాసికొనిన మన పెద్దల పద్ధతియే ఇది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది కూడ విద్య కొందరి పెట్టెలలో మూతపడి యుండరాదనియే కదా! నేడు ఆ నగరమందే "స్వేచ్ఛ" అను సంస్థ ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకై కృషి చేయుచున్నది. నేను లెక్కలు వ్రాయువాడను. ఇతరులు చూడరాదను లెక్కను నమ్మరాదని నా వృత్తి నాకు నేర్పినది.

అయినను రెండు హెచ్చరికలు. త్రీఫేజు కరెంటు ప్రాణాపాయకరము; స్టార్టరు డబ్బాను తెలిసిన ఎలక్ట్రీషియనే తాకవలెను. ఇక రెండవది: "రెండు గంటలు చాలు" అని వ్రాయుటకును, "ఆపవద్దు" అని వ్రాయుటకును అదే యంత్రము లొంగును. భూమిలోని నీరు గట్టును చూచి ఆగదు. నా బోరు తోడినచో పొరుగువాని బోరు ఎండును. కనుక నియమము ఊరంతయు కూర్చుండి నిర్ణయించుకొనవలసినది.

నా మనవి ఒక్కటే. మన గ్రంథాలయము ఒక చిన్న కంప్యూటరును, రెండు చిప్పులను పుస్తకముల వలెనే బీరువాలో ఉంచవలెను. మన పిల్లలు బ్యాటరీ దీపముతో అభ్యసించి, తాము నేర్చినది తెలుగున నోటుపుస్తకములో వ్రాసి ఇచ్చటనే పెట్టవలెను. ఆ పుస్తకమునకు తాళము వేయరాదు.