పలకని మాడ్యూలు కాలిపోయిన మాడ్యూలు కాదు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో విద్యను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. విద్య యొక్క ఆవశ్యకతను గురించి మాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. కనుక మేము ఆ జోలికి పోము. బొటనవేలంత వస్తువు ఒకటి ఉంది, దాన్ని గురించీ, దాని విషయంలో మేము చేసిన ఒక తప్పును గురించీ మాత్రమే చెబుతాము.

ఆ వస్తువు పేరు హెచ్‌సి-05. బ్లూటూత్ మాడ్యూలు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళితే ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. రెండు మాడ్యూళ్లుంటే, తీగ లేకుండానే ఈ గదిలో మీట నొక్కి ఆ గదిలో గంట మోగించవచ్చు. మా చిన్నతనంలో పెద్దవాళ్లు చెప్పేవారు, ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టవలసి వచ్చేదని. వినడానికే లైసెన్సు! ఇప్పుడు మన పిల్లలు పంపడమూ వినడమూ రెండూ చేస్తున్నారు. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాలను తక్కువ శక్తితో వాడుకొనేవారికి లైసెన్సు అక్కరలేదని 2005లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బ్లూటూత్ పనిచేసేది ఆ భాగంలోనే.

ఇక అసలు సంగతి. మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పేరు చెప్పను, సిగ్గుపడతాడు. వాళ్ల నానీ కింది గదిలో మంచం పట్టి ఉంది. అమ్మీ మేడమీద గదిలో కుట్టుమిషను నడుపుతుంది. మిషను చప్పుడులో నానీ పిలిచినా వినబడదు. ఒకరోజు నానీ నీళ్లకోసం తనంతట తాను లేవబోయి పడిపోయింది. దానితో వాడు సైన్స్ ఫెయిర్‌కు ఏదో బొమ్మకారు చేయడం మానేసి గంట చేస్తానన్నాడు. తీగ లాగితే సరిపోయేది గదా అని మీరనవచ్చు. మేమూ అన్నాము. అద్దె ఇల్లు సార్, గోడకు మేకు కొడితేనే ఇంటాయన ఊరుకోడు అన్నాడు.

డబ్బు కూడబెట్టి రెండు మాడ్యూళ్లు తెచ్చాడు. వాటికి పని నేర్పడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. కొన్న రోజున ఆ రెండూ ఒకదానినొకటి ఎరుగవు. నీ పేరు ఇది, నీవు పిలిచేదానివి, నీవు పలికేదానివి, మీ ఇద్దరి మధ్య రహస్య సంకేతం ఇది అని మనమే చెప్పాలి. చెప్పేది ఏటీ అనే ఆజ్ఞలతో. ఏటీ అంటే అటెన్షన్, మన ఉర్దూలో తవజ్జో. టెలిఫోను తీగమీద కంప్యూటర్లు మాట్లాడుకొనే రోజుల్లో, 1981లో, హేస్ అనే కంపెనీ తన మోడెంకోసం పెట్టిన పద్ధతి ఇది. ఈనాటి చిన్న మాడ్యూళ్లు కూడా దాన్నే పట్టుకొని ఉన్నాయి. మనం ఏటీ అంటే అది ఓకే అనాలి. క్లాసులో హాజరు పిలిస్తే పిల్లవాడు హాజిర్ జనాబ్ అన్నట్లు.

అబ్బాయి మూడు రాత్రులు ఏటీ అని కొట్టాడు. అది పలకలేదు. రెండోది పెట్టాడు, అదీ పలకలేదు. మా దగ్గరికి తెచ్చాడు. మేము చూసి, తీగలు తిప్పి పెట్టి కాల్చేశావు పో అన్నాము. అందరి ముందరా అన్నాము. కొట్టువాడు వాపసు తీసుకోనన్నాడట. వాడు మర్నాటినుంచి ప్రాక్టికల్ గదికి రాలేదు. తర్వాత ఇంకొక పిల్లవాడివల్ల తెలిసింది. ఇదంతా ఇంగ్లీషు మీడియంవాళ్లకే వస్తుంది, మనకు రాదు అని వాడు ఇంట్లో అన్నాడట.

ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియంలో భౌతికశాస్త్రం చెబుతున్నవాళ్లం మేము. వాడు వదిలిపెట్టి పోయిన మాడ్యూలును ఆదివారంనాడు ఇంట్లో ముందుపెట్టుకొని కూర్చున్నాము. దానికి ఆరు కాళ్లు. ఒక పక్కన కందిగింజంత మీట. అంతకు ముందు మేము వాడినదానికి నాలుగే కాళ్లు, మీట లేదు. అప్పుడు తెలిసింది, మేము వాడినది హెచ్‌సి-06. దూరంనుంచి చూస్తే రెండూ కవలపిల్లలు. పద్ధతులు మాత్రం వేరు. వాడికి మేము రాయించినది హెచ్‌సి-06 పాఠం! తప్పు తీగలది కాదు, పిల్లవాడిది అంతకన్నా కాదు.

హెచ్‌సి-06ను ఎవరితోనూ కలపకుండా కరెంటిస్తే చాలు, ఆజ్ఞ వింటుంది. సెకనుకు 9600 బిట్ల వేగం, వాక్యం చివర ఏ గుర్తూ అక్కరలేదు. హెచ్‌సి-05 అలా వినదు. మీట నొక్కి పట్టుకొని, అలా పట్టుకొనే కరెంటివ్వాలి. దీపం చకచక కొట్టుకుంటుంటే అది ఆజ్ఞ వినే స్థితిలో లేదని అర్థం. రెండు సెకన్లకొకసారి నిదానంగా వెలిగి ఆరుతుంటే వింటోందన్నమాట. అప్పుడు వేగం 38400. ప్రతి ఆజ్ఞ చివర కొత్త పంక్తి గుర్తులు రెండూ పడాలి. ఆర్డుయినో సీరియల్ మానిటర్‌లో బోత్ ఎన్ఎల్ అండ్ సీఆర్ అని ఎంచుకుంటే అవి పడతాయి. ఆ గుర్తులు లేకపోతే మన మాట పూర్తయిందని దానికి తెలియదు, పాపం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

వేగం సంగతి పిల్లలకు డిక్టేషను ఉదాహరణతో చెబుతాము. 9600 వేగంలో ఒక్కొక్క బిట్టు సుమారు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. 38400లో 26 మాత్రమే. మాస్టారు నాలుగింతలు నిదానంగా చదువుతుంటే, తన వేగంలోనే రాసుకుపోయే పిల్లవాడి కాపీలో ఏముంటుంది? పిచ్చి అక్షరాలే. తెరమీద పిచ్చి అక్షరాలు కనబడితే సంతోషించండి, తీగలు సరిగానే ఉన్నాయి, వేగమే తేడా అని గ్రహించవచ్చు.

తీగలను గురించి రెండు మాటలు. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలి. టీఎక్స్‌ను ఆర్ఎక్స్‌కు, ఆర్ఎక్స్‌ను టీఎక్స్‌కు. నోటికి నోరు కలిపి కూర్చున్న ప్రాజెక్టులు ఎన్ని చూశామో! ఆర్డుయినో ఊనో 5 వోల్టులతో మాట్లాడుతుంది, ఈ మాడ్యూలు చెవి 3.3 వోల్టులకు చేసినది. మధ్యలో ఒక కిలో ఓము, రెండు కిలో ఓముల రెసిస్టర్లు పెట్టి వోల్టేజి తగ్గించాలి. అవి లేకుండా కొన్నాళ్లు నడిచిందని మురిసిపోకండి.

సోమవారం ఉదయం మేము ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాము. వాళ్ల అమ్మీ కంగారుపడి, ఏం చేశాడు మాస్టర్ సాబ్ అంది. వాడేమీ చేయలేదమ్మా, మేమే చేశాము అన్నాము. అక్కడే చాపమీద కూర్చొని, వాడిచేతే మీట నొక్కించి కరెంటిప్పించాము. ఏటీ కొట్టాడు. ఓకే అని వచ్చింది. వాడు మా ముఖంవైపు చూడలేదు, మళ్లీ కొట్టాడు. మళ్లీ ఓకే. ఏడెనిమిదిసార్లు కొట్టి ఉంటాడు.

తర్వాత పని చకచక సాగింది, ఒక్కచోట తప్ప. రెంటికీ ఒకే సంకేతం పెట్టాము, ఒకే వేగం పెట్టాము. మేడమీది మాడ్యూలును ఏటీ+ఏడీడీఆర్? అని అడిగితే తన చిరునామా చెప్పింది. కింద పెట్టేదానికి ఏటీ+రోల్=1 అని చెప్పి పిలిచేదానిగా చేశాము. ఏటీ+సీమోడ్=0 అంటే మేము చెప్పినవారితో తప్ప ఇంకెవరితోనూ కలవవద్దని. ఏటీ+బైండ్ దగ్గర ఆ చిరునామాను రాయాలి. రాస్తే తప్పు తప్పు అంటుంది! అరగంట పోయింది. చిరునామా చెప్పేటప్పుడు అది మధ్యలో కోలన్లు పెడుతుంది, మనం తిరిగి చెప్పేటప్పుడు కామాలు పెట్టాలట. ఎందుకలా చేశారో చేసినవాళ్లకే ఎరుక. కనిపెట్టినది అబ్బాయే, మేము కాదు. కరెంటు తీసి మళ్లీ ఇవ్వగానే రెండు దీపాలూ చప్పున రెండుసార్లు మెరిసి, ఆగి, మళ్లీ మెరిశాయి. కలిశాయన్నమాట.

సంకేతం మాట వచ్చింది గనుక తల్లిదండ్రులకొక మనవి. కొట్టునుంచి వచ్చేటప్పుడు దీని సంకేతం సాధారణంగా 1234. మార్చకుండా వదిలేస్తే పక్కింటివాడి ఫోనుకు కూడా మన ఇంటి మీట చిక్కుతుంది. సైన్స్ ఫెయిర్‌లో ఒకరి ఫోను నొక్కితే ఇంకొకరి కారు కదలడం మేము కళ్లారా చూశాము. నవ్వుకున్నాము గానీ, తాళానికో మోటారుకో ఇదే పెడితే నవ్వులాట కాదు.

వైఫై మాడ్యూలు ఈఎస్‌పీ-01 కావాలనే పిల్లలు ఎక్కువయ్యారు. అదీ ఏటీ భాషే, సాధారణంగా 115200 వేగం. దానికి కరెంటే 3.3 వోల్టులివ్వాలి, 5 ఇస్తే నిజంగానే కాలిపోతుంది. ఊనోలోని 3.3 కాలు ఇచ్చేది 50 మిల్లీ ఆంపియర్లు, అది ఒక్కొక్కప్పుడు 300 దాకా గుంజుతుంది. అందుకే మధ్యలో ఆగి ఆగి లేస్తుంటుంది. వేరే సప్లై పెట్టండి.

మర్నాడు తరగతిలో, ఏ పిల్లల ముందు వాణ్ణి అన్నామో ఆ పిల్లల ముందే, పాఠం తప్పు రాయించింది మేమని చెప్పాము. వాడు తలవంచుకొని కామాల సంగతి నోటుబుక్కులో ఉర్దూలో రాసుకుంటున్నాడు. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. గంట ఇంకా పనిచేస్తోంది. మేము కాలిపోయిందన్న మాడ్యూలే నానీ మంచం పక్కన ఉంది. ఈమధ్య చాయ్ కావాలన్నా మీట నొక్కుతోందని అమ్మీ ఫిర్యాదు.