డేగ తూకం, వేటకాడి వేళ్లు

జంతుశాస్త్రం చెప్పిన మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో డేగ గురించి మాట్లాడతానంటే గుడివాడ మిత్రులు కొందరు ఆశ్చర్యపోయారు. మన తాడిచెట్ల మీద, కాలవగట్ల మీద తొండల కోసం కాచుకునే జాలె డేగే ఇవాళ్టి నా విషయం.

డేగను మచ్చిక చేసి దానితో వేటాడించే డేగవేట పాత రాచవినోదం. కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో, 12వ శతాబ్దిలోనే, దానికి చోటుంది. కుమాయూన్ రాజు రుద్రదేవుడి డేగవేట గ్రంథం శ్యైనికశాస్త్రాన్ని హరప్రసాద శాస్త్రి 1910లో కలకత్తాలో అచ్చువేయించారు. అయితే డేగను ఎగరేసిన రాజుల పేర్లు మిగిలాయి, తెల్లవారుజామున లేచి దాన్ని సాకినవాళ్ల పేర్లు మిగల్లేదు. నాకు వాళ్ల మీదే మనసు.

నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1862లో వెలువరించిన పక్షుల గ్రంథంలో జాలె డేగ, బైరి డేగ అనే మన పేర్లు నమోదు చేశాడు. పట్టే తీరూ రాశాడు. రెండు సన్నటి వెదురుపుల్లల మధ్య ముదురురంగు వల, దాని దగ్గర కట్టిన పిట్ట. దూకుడులో డేగకు వల కనబడదు. పుల్లలు ఒరిగి వల ఒంటికి చుట్టుకుంటుంది.

జాలె డేగ తొందరగా మచ్చికవుతుంది, కాకిని సైతం పడగొడుతుంది. అయినా దొరల డేగలకు మేత తెచ్చే పనికే దాన్ని ఎక్కువగా వాడారు. సాకడం మాత్రం తేలిక కాదు. మగది సాధారణంగా 150 గ్రాములు దాటదు. ఒళ్లు చిన్నదైతే వేడి త్వరగా పోతుంది, లోపల నిల్వ ఉండదు. నాలుగైదు గ్రాముల తేడాకే తీరు మారిపోతుంది. బలిస్తే పిలిచినా రాదు, కొమ్మ మీదే ఈకలు సర్దుకుంటూ కూర్చుంటుంది. చిక్కితే అరుస్తుంది, మేత మీద రెక్కలు కప్పుకుంటుంది, ఆపైన ఈకలు ఉబ్బించి కళ్లు మూస్తుంది. ఆ అరుపును పొగరనుకుని కొత్తవాడు ఇంకా మేత తగ్గిస్తాడు. పక్షి పోయేది అక్కడే.

ఇప్పుడు ఈ విద్య బతికున్న దేశాల్లో రోజూ గ్రాముల్లో తూస్తారు. పాతవాళ్లకు వేళ్లే తక్కెడ. రొమ్ము ఎముకకు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు పెట్టి తడిమేవాళ్లు. ఎముక కత్తి అంచులా తగిలితే మేత పెంచాలి, కండలో మునిగితే తగ్గించాలి. తగ్గించడమంటే పస్తు పెట్టడం కాదు. మాంసాన్ని నీళ్లలో నానబెట్టి, పిండి పెట్టేవాళ్లు. కడుపు నిండుతుంది, సత్తువ తగ్గుతుంది. ముందునాడు మింగిన ఈకల్ని ఉండలా కక్కిందాకా మళ్లీ మేత వేసేవాళ్లు కారు. చలి పెరిగిన రోజున మేత పెంచేవాళ్లు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక డేగను పట్టడానికి, పెంచడానికి వీల్లేదు. అది న్యాయమే. ఆ వేళ్ల విద్య మాత్రం గాయపడిన పక్షికి ఇప్పటికీ కావాలి. బందరులోనో, దివిసీమలోనో మాంజా దారానికో చెరువు మీది వలకో చిక్కిన డేగ మీ కంటబడితే అన్నం, పాలు పెట్టకండి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో ఉంచి అటవీశాఖకు అప్పగించండి. దాన్ని వదిలేనాటికి రొమ్ము కండ వేటకాడు కోరిన దానికన్నా కాస్త నిండుగానే ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు తొండ దొరకకపోయినా తట్టుకోవాలి కదా.