గాజుసీసాలో గోధుమ
(డాక్టర్ ఎం.వి. రావు స్మృతిలో బెల్లంకొండ సభలో చేసిన ప్రసంగం)



మిరప, పత్తి పండే నేల మీద నిలబడి గోధుమ గురించి మాట్లాడబోతున్నాను. మనం ఇవాళ తలుచుకుంటున్న మనిషే అందుకు కారణం. పశ్చిమ గోదావరి జిల్లా పేరుపాలెంలో 1928లో పుట్టిన మంగిన వెంకటేశ్వరరావు గారు, వరి తినే ఇంటి నుంచి ఢిల్లీ వెళ్లి, హరిత విప్లవ కాలంలో దేశపు గోధుమ పరిశోధనకు సారథ్యం వహించారు. తర్వాత నూనెగింజల మిషన్‌ను, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని నడిపి, 2016లో కన్నుమూశారు. ఆయన కృషి పొలాల్లో సాగింది. దాదాపు అదే కాలంలో గోధుమ మీద గాజుసీసాల్లో మరో కృషి నడిచింది. ఆ చరిత్ర మనకూ అవసరమని నా నమ్మకం.

రొట్టె గోధుమ కణంలో 42 క్రోమోజోములుంటాయి. మూడు గడ్డిజాతుల నుంచి తలా ఏడు జతలు వచ్చాయి. మూడో జాతి ఏదో 1944లో జపాన్‌లో కిహారా, అమెరికాలో మెక్‌ఫాడెన్, సియర్స్ తేల్చారు. ఒక్కో క్రోమోజోము తగ్గిన గోధుమ మొక్కలను సియర్స్ వరుసగా తయారుచేసి, 1954లో ఆ వివరాలు ప్రచురించారు. ఒక జత పోయినా, మిగతా రెండు జాతుల బంధు క్రోమోజోములు ఆ లోటును కొంత పూడుస్తాయి. వరికి ఆ వెసులుబాటు లేదు. గోధుమలోని ఈ ఓర్పే తర్వాతి కథకు మూలం.

విడి కణం నుంచి మొక్క రాగలదేమోనన్న ఊహ 1902లో హేబర్‌లాంట్‌ది. హార్మోన్ల పాళ్లు మారిస్తే వేరో చిగురో వస్తుందని 1957లో స్కూగ్, మిల్లర్ చూపారు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాల నుంచి పిండాలు రప్పించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ధాన్యపు జాతులు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. గోధుమ కణజాలాన్ని సీసాలో పెంచిన తీరును జపాన్ శాస్త్రవేత్తలు షిమాడా, సాసాకుమా, త్సునెవాకి 1969లో ప్రకటించారు. తర్వాత దారి దొరికింది. పాలుపోసుకునే గింజలోంచి లేత పిండాన్ని తీసి, లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల 2,4-డి కలిపిన మాధ్యమం మీద ఉంచాలి. రైతులు కలుపు మీద కొట్టే మందే అది. ఆ కొద్ది మోతాదులో అది పిండాన్ని కణాల ముద్దగా పెంచుతుంది. మందు తగ్గిస్తే ముద్ద నుంచి మొలకలొస్తాయి.

అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి మొక్కలొస్తాయని ఆశించారు. 1984లో కార్ప్, మాడక్ అలా పెరిగిన మొక్కల క్రోమోజోములు లెక్కపెట్టారు. పావు వంతుకు మించిన మొక్కల్లో లెక్క 42 కాదు. గోధుమకున్న ఆ ఓర్పు వల్లే అవి బతికాయి. సీసాలో కణాలు వేగంగా చీలేటప్పుడు క్రోమోజోములు సరిగా పంచుకోలేవు. కొన్ని విరుగుతాయి, కొన్ని వెనకబడి పోతాయి. కణజాలం ముదిరేకొద్దీ ఈ తేడాలు పెరుగుతాయి.

ఆస్ట్రేలియాలో లార్కిన్, స్కౌక్రాఫ్ట్ 1981లో ఈ తేడాను వంగడాల సంపదగా చూడమన్నారు. వాళ్ల బృందం గోధుమలో ఎత్తు, మీసాలు, గింజ రంగు మారి, ఆ మార్పు సంతానానికీ అందడం చూపింది. అదే దశాబ్దంలో ఇంగ్లండులో లారీ, బెన్నెట్ గోధుమ పూలకు మొక్కజొన్న పుప్పొడి అద్దారు. తొలి కణవిభజనల్లోనే మొక్కజొన్న క్రోమోజోములు రాలిపోయి గోధుమవి 21 మిగిలాయి. ఆ పిండాన్ని సీసాలో కాపాడి, కాల్చిసిన్‌తో క్రోమోజోములను రెట్టింపు చేస్తే ఒక్క తరంలో స్థిరమైన వంగడం చేతికొస్తుంది.

సీసాలో వచ్చే తేడా దానంతటది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కొత్త వంగడం వెతికేవాడికి అది వరం. టిష్యూ కల్చర్ అరటి పిలకలు కొన్న రైతుకు మాత్రం అదే నష్టం. తోటలో గిడసబారిన చెట్లు తేలితే ఏడాది శ్రమ పోయినట్టే. టిష్యూ కల్చర్ మొక్కల ధ్రువీకరణకు 2006 నుంచి మన దేశంలో జాతీయ వ్యవస్థ ఉంది. వైరస్ లేదనీ, తల్లి లక్షణాలు చెదరలేదనీ అది పరీక్షిస్తుంది. ఆ ముద్ర ఉందా, తల్లి కణజాలాన్ని ఎన్నిసార్లు మార్చి పెంచారు అని అడగడం రైతు హక్కు.

విద్యార్థులారా, ఉల్లి వేరు కొనను రంగులో నానబెట్టి నలిపి, సూక్ష్మదర్శినిలో 16 క్రోమోజోములు లెక్కపెట్టడం మీ డిగ్రీ ప్రయోగశాలలో ఉన్న పనే. దాన్ని మార్కులతో ముగించకండి. మన మిరపలో 24 ఉంటాయి. ఆ వేరునూ చూడండి. రేపు సీసాల్లోంచి మిరప మొక్కలు పల్నాడు పొలాలకు వస్తే, వాటి క్రోమోజోములు లెక్కపెట్టి రైతుకు భరోసా ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లోంచే రావాలి. రావు గారిని గౌరవించడానికి ఇంతకు మించిన దారి నాకు తెలియదు.