కర్త యెవడు?

(ఆత్మకూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు న్యాయశాస్త్ర విద్యార్థుల నుద్దేశించి చేసిన యుపన్యాసము)



మన కులమున న్యాయశాస్త్రమును చదువు బాలబాలికలును, పోలీసు ఉద్యోగములకై శిక్షణ పొందు యువకులును నేడు పలువురు గలరు. వారికి నీతిశాస్త్రమున ప్రథమపాఠముగా నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు న న్నాజ్ఞాపించిరి. బడిలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రమించినవాడనుగాని నేను న్యాయవాదిని గాను. కావున నాకు తెలిసిన వ్యాకరణమునుండియే యారంభించెదను.

క్రియ యున్నచోట కర్త యుండును. కర్తకు స్వాతంత్ర్యమే లక్షణమని పాణిని మహర్షి నిర్ణయించెను. కొడవలి కోసినను కొడవలి కర్త గాదు, అది కరణము. దానిని పట్టినవాడు కర్త. నీతిశాస్త్రమునకును ఇదియే పునాది. నిద్రలో కాలు తగిలి దీపము పడిపోయినచో అది మనుష్యునివలన జరిగినదేకాని మనుష్యుడు చేసినది గాదు. చేయునది యేమో తా నెఱుగవలెను, దానిని కోరవలెను, మానుటకును తనకు వీలుండవలెను. జ్ఞానము, ఇచ్ఛ, స్వాతంత్ర్యము అను నీ మూడును కలిసినపుడే పుణ్యపాపములును, ప్రశంసయు దండనయు కర్తను చెందును.

1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఈ సూత్రమునే యనుసరించినవి. ఏడేండ్లు నిండని శిశువు చేసినది నేరము గాదు. మతిస్థిమితము లేక తన పని స్వభావము నెఱుగజాలనివాడు చేసినది నేరము గాదు. తగిన జాగ్రత్తతో సక్రమమైన పని చేయుచుండగా దైవికముగా కలిగిన కీడు నేరము గాదు. తనంత తాను త్రాగినవానికి మాత్రము మత్తు సాకు గాజాలదు. ఏలయన నా మత్తునకు తానే కర్త. భయముచేతగాని భ్రమచేతగాని యిచ్చిన సమ్మతి, ఆ సంగతి నెదుటివా డెఱిగియున్నచో, సమ్మతి గానేరదు.

ఇక మన గడ్డమీది సంగతికి వత్తము. పాలమూరు కూలి యను పేరు దేశమంతట ప్రసిద్ధము. ఎక్కడెక్కడి యానకట్టలకో, కాలువలకో, బాటలకో మనవారు మన్ను మోసిరి. ఆ వలస యెట్లు మొదలగునో మీ రెఱుగనిది గాదు. వానలు లేని యేట, ఇంట గింజలు లేనివేళ, గుంపుమేస్త్రీ వచ్చును. పెండ్లికో, వైద్యమునకో, పాతయప్పునకో అడ్వాన్సు ఇచ్చును. కాగితముపై వేలిముద్ర పడును. ఆలుమగలు కూడ బయలుదేరుదురు. దారిఖర్చు, తిండిఖర్చు, జబ్బుపడిన దినములు అన్నియు లెక్కలో చేరును; నెలలు గడచినను అప్పు తరుగదు. వెళ్ళిపోదుమన్న "బాకీ తీర్చి పొమ్ము" అందురు. ఇది యన్యాయముగదా యన్న, "నేను బలవంతము చేసితినా? వాడే వచ్చి వేలిముద్ర వేసెను" అని ప్రత్యుత్తరము.

విద్యార్థులారా! ఇచట కర్త యెవడు? కఱ్ఱ చూపి వేయించిన ముద్ర చెల్లదని యెల్లరును ఒప్పుకొందురు. ఆకలి వేయించిన ముద్ర మాటయేమి?

1982లో సర్వోన్నత న్యాయస్థానము దీనికి సమాధానము చెప్పినది. ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడములయందు పనిచేసిన కూలీల విషయమున వచ్చిన వ్యాజ్యెమది. రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన బలవంతపు చాకిరి, దేహబలముచేతనో చట్టబలముచేతనో చేయించినది మాత్రమే గాదనియు, ఆకలిదప్పులవలన వేఱు దారి లేక కనీసవేతనమునకు తక్కువగా పనిచేయుటయు నట్టిదే యనియు న్యాయమూర్తి భగవతిగారు తీర్పు చెప్పిరి. బలాత్కారముచే వ్రాయించినది వ్రాయనిదానితో సమానమని మనుస్మృతియు చెప్పినది. ఆ గ్రంథమే వర్ణమునుబట్టి దండనలో భేదము పెట్టినదను మాటను దాచ నక్కఱలేదు; ఆ భేదమును మన రాజ్యాంగము 14వ అధికరణముచే త్రోసిపుచ్చినది. గ్రాహ్యమును గ్రహించి త్యాజ్యమును త్యజించుట విద్యకు ఫలము.

వెట్టి యను మాట సంస్కృతమున విష్టి. నిజాము రాజ్యమున ఊరూర నున్న యీ యాచారముపై మన పాలమూరువారగు సురవరము ప్రతాపరెడ్డిగారివంటి పెద్దల కాలముననే యాందోళనము సాగినది. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు వారే యధ్యక్షులు. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టమున భగేలా, జీతా, పాలేరు, వెట్టి యను మాటలు పేరు పేరున నున్నవి. అవి మన యిండ్లలోని మాటలు. ఆ చట్టము ప్రకారము వెట్టికి కారణమైన యప్పు రద్దయినది. అట్టి యప్పు గాదని నిరూపించు భారము ఋణదాతదే. రద్దయిన యప్పును వసూలు చేసినవానికి మూడేండ్లవఱకు శిక్ష గలదు.

రేపు మీలో నొకడు పోలీసు స్టేషనులో కూర్చుండును. "కూలివాడు అడ్వాన్సు తీసికొని పాఱిపోయినాడు, మోసము చేసినాడు" అని యొక పెద్దమనిషి ఫిర్యాదు తెచ్చును. ఆనాడు ఈ పాఠము జ్ఞాపకముంచుకొనుడు. పైకము తీసికొన్ననాడే వంచించు తలంపు లేనిది మోసము గాదు. బాకీపడుట నేరము గాదు. ఫిర్యాదు తెచ్చినవాడే నేరస్థుడేమో యని మొదట విచారింపుడు.

పాణిని మఱియొక మాట చెప్పెను. కర్తను ప్రేరేపించువాడును కర్తయే. వానికి హేతువని పేరు. మేస్త్రీ వెనుక కంట్రాక్టరు గలడు. నేటి మేస్త్రీ నిన్నటి కూలివాడే కావచ్చును. అతడును పైవానివద్ద అడ్వాన్సు తీసికొన్నవాడే. కావున ఎవనికెంత తెలియునో, ఎవనికెంత స్వేచ్ఛ యున్నదో తూచి దోషమును పంచుట న్యాయము. దోషమునంతయు క్రిందివానిపై మోపుట సులభము, అధర్మము.

సోదరులారా! ఈ పందిటిలో మేస్త్రీలును గలరు, కూలీలును గలరు. ఒకే పంక్తిని భోజనము చేసితిమి. మనవాడని తప్పును కప్పిపుచ్చుట కులాభిమానము గాదు. ఆ తప్పువలన బాధపడినవాడును మనవాడే. కావున మూడు మనవులు చేసెదను. మేస్త్రీలైనవారు ప్రతి కూలికిని అడ్వాన్సు, కూలి, ఖర్చు వేర్వేఱుగ వ్రాసిన లెక్కకాగితమును చేతికీయవలెను. ఎచటనైన మనవారిని నిర్బంధించిరని తెలిసిన, సంఘము జిల్లా కలెక్టరుగారికి వెంటనే వ్రాయవలెను. ఈ చట్టముక్రింద విజిలెన్సు కమిటీకి అధ్యక్షులు వారే. మూడవది, సంఘనిధినుండి పెండ్లికిని జబ్బునకును వడ్డీలేని చిన్న యప్పులీయవలెను. వేలిముద్ర వేయకుండ నుండుటకు కూలివానికి వీలు కలిగినపుడే అతడు వేసిన ముద్ర అతనిది యగును.

ఈ మూడవ మనవిని రేపటి తీర్మానములలో చేర్చవలసినదిగా ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.