జపాను భాషలోని ‘వ’ ప్రత్యయము



జపాను భాషకును మన తెలుగునకును చుట్టరికము రుజువు కాలేదు. కాని వాక్యపు పోకడలో పోలిక కలదు. అచ్చటను క్రియ వాక్యాంతమున నిలుచును. ప్రత్యయము నామమునకు వెనుక వచ్చును. కావున ఆ భాష నేర్వబూనిన తెలుగువానికి తొలినాళ్లు సులువుగనే గడచును. అతడు తడబడునది ‘వ’ అను ఒక్క యక్షరముకడ. నేడు దానిని గూర్చియే మనవి చేయుదును.

‘వ’ కర్తను తెలుపునని తొలిపాఠములలో చెప్పుట కలదు. అది చాలదు. కర్తను తెలుపుటకు ‘గ’ అను వేరొక ప్రత్యయము కలదు. ‘వ’ తెలుపునది ప్రస్తావము. అనగా, దేనిని గూర్చి మాటాడుచున్నామో అది.

‘సెన్సే’ యనగా గురువు; ‘కిమషిత’ యనగా వచ్చెను. ‘సెన్సే గ కిమషిత’ యన్నచో, ఎవరు వచ్చిరను ప్రశ్నకు ఉత్తరము: వచ్చినవారు గురువుగారు. ‘సెన్సే వ కిమషిత’ యన్నచో, గురువుగారి సంగతి యేమను ప్రశ్నకు ఉత్తరము: గురువుగారా, వారు వచ్చిరి. మన యిండ్లలో ‘గురువుగారా’ అని సాగదీయుటవలన నెరవేరు పనియే వారి ‘వ’ నెరవేర్చును. ఇందుచేతనే ‘ఎవరు’ అను నర్థముగల ‘దరె’ కర్తయైనపుడు దానికి ‘గ’యే చేరును. ఎవరో తెలియని వానిని గూర్చి ప్రస్తావ మెట్లు సాగును?

వారి పేదరాశి పెద్దమ్మ కథలలోను ఇదియే తీరు. మొదటి వాక్యమున ముసలివాడు ‘గ’తో ప్రవేశించును; పిమ్మట, వినువారి కతడు తెలిసినవాడైనందున, ‘వ’తో నడచును.

ఈ రెండును ఒకే వాక్యమున నిముడుటయు కలదు. ‘జో వ హన గ నగాయ్’: ఏనుగు సంగతి యందురా, తొండము పొడుగు. మికమి అకిర యను వైయాకరణుడు 1960లో ఈ వాక్యమునే పేరుగా నిడి యొక గ్రంథము వెలయించెను. పాశ్చాత్య వ్యాకరణములలోని ‘కర్త’ జపాను వాక్యమునకు పొసగదని ఆయన వాదము. మనమైతే ‘ఏనుగునకు తొండము పొడుగు’ అని షష్ఠితో సరిపుచ్చుకొందుము.

వ్రాతలోను దీనికొక వింత కలదు. ‘హ’ అని వ్రాసి ‘వ’ అని పలుకుదురు. 1946లో వర్ణక్రమమును సంస్కరించి పెక్కు పాత వ్రాతలను మార్చినను, దీనిని మార్చక విడిచిపెట్టిరి.

ఇక జాగ్రత్తపడవలసిన చోటు. ‘వ’ ఒకదానిని వేరుపరచి చూపును, మన ‘మట్టుకు’ వలె. ‘సకె వ నొమిమసెన్’ అన్నచో, మద్యము మట్టుకు త్రాగను. వేరేదైన నిచ్చినచో త్రాగుదునని ధ్వని. అతిథి కిది మేలు. కాని యొక యిల్లాలితో ‘క్యో వ కిరే దెసు నె’ అని చూడుడు. ‘క్యో’ యనగా ఈ దినము. ‘కిరే’ యనగా అందము. ఈ దినము మట్టుకు అందముగా నున్నారని యర్థము స్ఫురించి, నిన్నటి మాట యేమని ఆమె చిన్నబుచ్చుకొనవచ్చును. ‘వ’ తీసివేసినచో అది నిండు పొగడ్త.

పదములను నిఘంటువు నేర్పును. ఎదుటివారి కేది ముందే తెలియునో, ఏది క్రొత్తగా తెలుపవలెనో, ఏ మాట వారి మనస్సును నొచ్చునో వారితో మాటాడియే తెలిసికొనవలెను. ‘వ’ పట్టుబడుట కంతకాలము పట్టును.